ఏ వాగు దాటిన్రు?

వనపర్తిలో మాకు తెలిసిన మెకానిక్ ఒకడుండేవాడు. ఆగిపోయిన కారు ఏది వచ్చినా, పానా పట్టకముందే "ఏ వాగు దాటిన్రు?" అని అడిగేవాడు. నడి ఎండాకాలంలోనూ అదే ప్రశ్న.

పెళ్లయిన కొత్తలో మా మామ కారు అడిగి తీసుకున్నాను. "వాగుల మాత్రం దించకు అల్లుడా" అని ఆయన ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఇటిక్యాల నుంచి వస్తూ, దగ్గర దారి కదా అని మోకాల్లోతు వాగులోకి దించాను. మర్నాటి నుంచి కారు రెండు మైళ్లకోసారి ఆగడం, కాసేపు అలిగి మళ్లీ కదలడం. చివరికి మామే నన్ను వెంటబెట్టుకుని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాడు.

"ఏ వాగు దాటిన్రు?"

"వాగేంది? రోడ్డు మీదనే వచ్చిన" అన్నాను, మామ వైపు చూడకుండా.

అతను ఇంజను జోలికే పోలేదు. పెట్రోలు టాంకీ మూత తిప్పాడు. బుస్సుమని గాలి లోపలికి దూరింది. "దీనికి ఊపిరాడ్తలేదు" అంటూ కారు కిందికి దూరి, టాంకీలోకి గాలి వచ్చిపోయే సన్న గొట్టాన్ని ఊడదీసి నోటితో ఊదాడు. అవతలి కొస నుంచి అతని అరచేతిలో బురదనీళ్లు పడ్డాయి.

"ఏందది?" అన్నాడు మామ.

అతను చెయ్యి లాగుకు తుడుచుకున్నాడు. "పాత గొట్టం పటేలా, చెమ్మ పట్టింది."

మామ చాయ్ చెప్పడానికి వెళ్లగానే "ఎందుకు దాచినవ్?" అని మెల్లగా అడిగాను.

"పోయిన వానకాలం గిదే గొట్టం ఊదిన సార్" అన్నాడు, గొట్టం బిగిస్తూనే. "పటేలు గూడ రోడ్డు మీదనే వచ్చిన అన్నడు. మీ అత్తమ్మ పక్కనే ఉండె. ఆమెకు గూడ చెమ్మ అనే చెప్పిన."