స్టూడియో పట్టుచీర

అమ్మకు విడిగా తీయించిన ఫోటో ఒక్కటీ లేదు. ఆమె పోయాక ఆధార్ కార్డు పట్టుకుని కర్నూలులో ఒక స్టూడియోకు వెళ్లాను.

"ముఖం ఉంటే చాలక్కా. పట్టుచీర కట్టినామె ఒళ్లు మా కంప్యూటర్లో ఉండాది, దానికి అతికిస్తా" అన్నాడు ఫోటోలు తీసే ఆయన.

బతికినన్నాళ్లూ నూలుచీరలే కట్టింది, పోయాకైనా పట్టు కట్టనీ అనుకుని సరేనన్నాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది!

ఫోటో గోడకెక్కాక చూడలేకపోయాను. పటం అద్దం ఊడదీసి, ఆ పట్టు కనబడకుండా పైన అమ్మ కట్టిన చీర ముక్కే కుట్టేద్దామని సూదీ దారం తీశాను. కట్టే చీరలు అప్పటికే పంచిపెట్టేశాం. తన పాత చీరలన్నీ కలిపి ఆమె కుట్టుకున్న బొంత ఎక్కడుందని నాన్నను అడిగాను.

"పోయినోళ్ల పడక ఇంట్లో ఉంచుకోగూడదని మూడో దినమే కాల్చేస్తిమి గదమ్మా. మంచం మీంచి నువ్వే ఎత్తకొచ్చి ఇస్తివి."

అప్పుడు గుర్తొచ్చింది. మందుల కంపు కొడుతోందని ముక్కు మూసుకుని మరీ మోశాను.

ఇంట్లో ఆమె కట్టిన గుడ్డ జానెడు కూడా మిగల్లేదు. ఆ ఫోటోకే రోజూ దండ వేస్తున్నాను. అందులో మెడ దాకానే మా అమ్మ.