ముప్పై తొమ్మిదికీ నలభై ఒకటికీ మధ్య

ఈ పరాయి దేశంలో మేముండే చెర్రీవుడ్ పేటలో మా పక్క ఫ్లాట్ ఆవిడ తండ్రి జర్మనీలో ఒక చిన్న సంస్థానపు రాచకుటుంబంలో పుట్టినవాడు. సంస్థానం ఎప్పుడో పోయింది కానీ ఇంటి ఆచారం పోలేదు. ఆ వంశంలో పుట్టిన ప్రతి మగబిడ్డకూ ఒకటే పేరు. ఎవరు ఎవరో తెలియడానికి, పుట్టిన వరసలో ఒక అంకె. గద్దె ఎక్కినవాడికీ అంకె ఉంది, పురిట్లో పోయినవాడికీ ఉంది. లెక్కలు సొంతంగా నేర్చుకున్న నాబోటివాడికి అంతకంటే ఏం కావాలి? ఆదివారాలు ఆవిడ బల్ల మీద ఆ వంశవృక్షం పరుచుకుని కూర్చునేవాణ్ణి.

ఆవిడకు తెలియాల్సింది ఒక్కటే. తనకంటే ముందు పుట్టి, నెల తిరక్కుండానే పోయిన అన్నను ఆ ఇల్లు లెక్కలోకి తీసుకుందా, లేదా?

తండ్రి చేత్తో రాసుకున్న ప్రతిలో ముప్పై తొమ్మిది తర్వాత నలభై ఒకటి ఉంది. మధ్యలో ఖాళీ. పుట్టిన తేదీలు సరిచూశాను. అన్న పుట్టుక సరిగ్గా అక్కడే పడుతోంది.

"నలభై మీ అన్నయ్యదే అయ్యుండాలి," అన్నాను. ఆవిడ చెయ్యి నా మణికట్టు మీద బిగిసింది.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ మొహం చిట్లించింది. "లెక్క తప్పితే మీరు చెరిపేసి మళ్ళీ వేసుకుంటారు. ఆవిడేం చేస్తుందండీ?"

ఆ వారమే వీడియో కాల్. అవతల జర్మనీలో ఆవిడ పినతండ్రి కొడుకు. వంశ చరిత్రను పుస్తకంగా అచ్చు వేయిస్తున్నాడు. ఆవిడ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, పలకరింపులు కూడా లేకుండా, నాకూ అర్థమయ్యేలా ఇంగ్లీషులో అడిగింది.

"నలభై ఎవరు?"

"మా అన్నయ్య. వంటింట్లో కాఫీ తాగుతున్నాడు. పిలవనా?"

ఖాళీ ఉంది గనక అందులో ఈ ఇంటి మనిషి ఉంటాడనుకున్నానే గానీ, ఖాళీ వదిలిందెవరో ఆలోచించలేదు. ఆ అంకె తమ్ముడి కొడుక్కి వెళ్ళినా రాసుకోకుండా, తన కొడుకు కోసం తండ్రే ఆ చోటు అట్టే పెట్టుకున్నాడు.

"మరి మా అన్నకి?"

"మీ అమ్మ మామూలు స్కూలు టీచరు. రాచ ఇంటి పిల్ల కాని తల్లికి పుడితే మనవాళ్ళు అంకె ఇవ్వరు. నీకు తెలియనిదా?"

"తెలుసు. అయినా ఆశ పడ్డాను. అంకె లేకపోతే పుస్తకంలో కూడా ఉండడా?"

అతను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీ నాన్న ఫోటో పంపుతానన్నావు. శుక్రవారం అచ్చుకి ఇచ్చేయాలి."

ఆవిడ ఫోటోను కెమెరా ముందు పెట్టింది. తండ్రి ఒళ్ళో దుప్పటి చుట్టిన పసిబిడ్డ.

"మీ నాన్న వరకు కత్తిరించుకుంటాం."

"కత్తిరించేట్టయితే ఇవ్వను. నా దగ్గర ఇంకోటి లేదు. నీ దగ్గర అసలే లేదు."

కిటికీ కింద లువాస్ ట్రామ్ వచ్చి ఆగి, వెళ్ళిపోయింది.

"కింద ఏమని రాయమంటావు?" అన్నాడు చివరికి.

"తండ్రీ కొడుకూ అని."

అతను వెనక్కి తిరిగి వంటింటి వైపు జర్మన్‌లో ఏదో అడిగాడు. అటునుంచి ఒక ముసలి గొంతు పొడిగా రెండు మాటలంది. ఆవిడకు జర్మన్ వచ్చు, నాకు రాదు. ఆవిడ మొహంలోకి చూస్తూ కూర్చున్నాను. ఆవిడ ఫోటోను కవర్లో పెట్టి, జర్మనీకి స్టాంపు ఎంతవుతుందో చూడమంది.