భయం చెప్పి పడవెక్కినవాడు

మా వీధి చివర, సముద్రం ఒడ్డున వలలు బాగుచేసే ఆయన మాటిమాటికీ అరచేతులు లుంగీకి తుడుచుకునేవాడు. వేటలో పడవ బోల్తాపడి బతికి బయటపడ్డాక మళ్ళీ పడవెక్కలేదు. ఒక పొద్దున పడవ యజమాని, ఆయనకి బావ, తేల్చి అడిగేశాడు.

“ఏటి బావా, ఇయ్యాలైనా ఎక్కుతావా? నేదంటే నీ సోట్లో ఇంకొకడ్ని ఎట్టుకుంతాను.”

ఆయన చేతులు తుడుచుకున్నాడు. “భయమేత్తంది బావా. తొయ్యండి, నానూ వత్తన్నాను.”

పడవ తోసేటప్పుడు అక్కడెవరూ భయం మాట ఎత్తరు. ఒక ముసలాయన కసిరాడు. “పడవకాడ అదేం మాటరా?”

“ఉన్న మాటే కదా మామా. గంగమ్మకి తెల్దేటి?”

అందరూ నవ్వి పడవకి భుజం ఆనించారు.

ఒడ్డున నిలబడి చూస్తున్న నేను లెక్కలు సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. భయం ముందు సున్నాకి రావాలి, ఆ తర్వాతే మనిషి కదలగలడని అనుకునేవాణ్ణి. ఆయన భయం పిసరంతైనా తగ్గలేదు. దాన్ని పైకి చెప్పేసి, దానితోనే నీళ్ళలోకి దిగాడు.

పెద్ద అల మీద పడవ ముక్కు నిలువునా లేచింది. నా కళ్ళు మూతపడ్డాయి. తెరిచేసరికి ఆయన అందరితోపాటు పాటలో గొంతు కలిపి తెడ్డు వేస్తున్నాడు.