డ్యూటీ చార్టులో పెన్సిల్ గీతలు

ఆఫీసులో ఆవిణ్ణి అందరూ అమ్మమ్మ అనేవాళ్ళు. అది మొదట ఇంట్లో పిలుపు. ఒకరోజు మర్చిపోయిన కళ్ళజోడు ఇచ్చి రమ్మని పంపితే, మనవసంతానంలో అల్లరికి పేరుమోసిన శాల్తీ ఒకటి ఆఫీసు గుమ్మంలో నిలబడి "అమ్మమ్మా!" అని మూడంతస్తులకూ వినపడేలా అరిచింది. అప్పటిదాకా మేడమ్‌గా ఉన్న మనిషి ఆ పూట నుంచి ఊరందరికీ అమ్మమ్మ అయిపోయింది. మేనేజరు కూడా "అమ్మమ్మగారూ" అనడం మొదలుపెట్టాడు. ఆవిడ వారం రోజులు మూతి ముడుచుకుని తిరిగి, ఆ తర్వాత అదే పేరుకి ముందుగా పలకడం నేర్చుకుంది.

అమ్మమ్మ చేసేది కంప్యూటరు ప్రోగ్రాములు రాసే ఉద్యోగం. ఈ మాట చెవిన పడితే చాలు, జనానికి ఏవేవో తోస్తాయి. ఎదురింటావిడ టీవీ రిమోటు పట్టుకొచ్చి "కాస్త చూసిపెట్టు పిన్నీ" అంటుంది. పై వాటా ఆయన ఫోటోలు పోయాయని ఫోను చేతిలో పెట్టి వెళ్ళిపోతాడు. చుట్టాలేమో ఆవిడ లెక్కల్లో పులి అనుకుంటారు. ఆ పులి పదమూడో ఎక్కం దగ్గర ఇప్పటికీ పిల్లి అవుతుంది. ఇక రోజంతా టకటకా టైపు కొడుతూ ఉంటుందనుకునేవాళ్ళు ఆఫీసుకొచ్చి చూడాలి. కోడి గింజలు ఏరుకున్నట్టు రెండు వేళ్ళతో కొడుతుంది. అదీ రోజుకో గంట. మిగతా వేళంతా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంటుంది.

"పనేం లేదామ్మా ఇవాళ?" అని ఊడ్చే మనిషి ఒకసారి జాలిపడింది.

"ఇదే పని. ఏం రాయాలో తెలిశాక రాయడం ఎంతసేపు?" అంది అమ్మమ్మ. ఊడ్చే మనిషి నమ్మలేదు. వయసైపోయింది పాపం, అన్నట్టు చూసి చీపురు ఎత్తుకుంది.

అమ్మమ్మ అలవాట్లు అమ్మమ్మవి. ముందు గీతల నోటుపుస్తకంలో, ఈ ప్రోగ్రాం ఏం చెయ్యాలో ఇంట్లో మాట్లాడుకునే మాటల్లో రాసుకుంటుంది. శుక్రవారం దేన్నీ ముట్టుకోదు. శని ఆదివారాలు ఆఫీసులో ఎవరూ ఉండరు కాబట్టి, చెడిపోతే అడిగే దిక్కుండదని. అన్నిటికంటే చిత్రమైన అలవాటు ఇంకోటుంది. చిక్కు పడ్డప్పుడల్లా రాసిందంతా తాతయ్యకి చెబుతుంది. తాతయ్య దర్జీ. ముందు గదిలో మిషను దగ్గర కూర్చుని పని చేసుకుంటూ, కథకి కొట్టినట్టు ఊఁ కొడతాడు. ఆయనకి కంప్యూటరు అంటే బట్ట కప్పి ఉంచాల్సిన వస్తువు, అంతే. కానీ ఎక్కడైనా ఆయన ఊఁ ఆగిందంటే అక్కడ చెప్పేదాంట్లో పస లేదని అమ్మమ్మకి తెలిసిపోతుంది.

ఆవిడ రాసినవాటిలో ఆవిడ నెత్తిన పెట్టుకున్నది ఒకటుంది. సిటీ బస్సుల డిపోలో ఏ డ్రైవరు ఏ పూట ఏ బస్సు నడపాలో డ్యూటీ చార్టు తయారుచేసే ప్రోగ్రాం అది. ఒక డ్యూటీ దిగాక డ్రైవరుకి ఎనిమిది గంటల విశ్రాంతి ఉండాలి. ఆ లెక్కంతా ప్రోగ్రామే చూసుకుంటుంది. పన్నెండేళ్ళుగా ఒక్క ఫిర్యాదు రాలేదు. ఈ సంగతి ఇంటికొచ్చిన చుట్టాలకి టీ కంటే ముందు అందేది.

ఆ వర్షాల్లో ఒక మంగళవారం, ఆరో నంబరు బస్సు పేవ్‌మెంటు ఎక్కి, ప్రయాణికులు నిలబడే షెడ్డు స్తంభాన్ని గుద్దింది. షెడ్డులో అప్పుడెవరూ లేరు. డ్రైవరు నుదుటి మీద మూడు కుట్లు పడ్డాయి. అంతకు ముందు రోజు అతను రాత్రి తొమ్మిదింటికి డ్యూటీ దిగాల్సింది. రోడ్లు మునిగి, డిపోకి చేరేసరికి ఒంటిగంట అయింది. తెల్లారి ఐదింటికి మళ్ళీ డ్యూటీ పడింది. స్టీరింగు మీదే కన్ను మూతపడింది.

ఆఫీసులో అందరి వేళ్ళూ ఒకేవైపు తిరిగాయి. రెండు నెలల క్రితం డిపోలో డ్యూటీలు వేసే గుమాస్తా రిటైరయ్యాడు. ఆయన బదులు ఇంకొకర్ని పెట్టుకోకుండా, చార్టు నేరుగా డ్రైవర్ల ఫోన్లకే వెళ్ళేటట్టు చెయ్యమన్నారు. ఆ పని చేసింది కొత్తమ్మాయి. ఉద్యోగంలో చేరి ఐదు నెలలు. ఆరో నెల దాటితేనే పర్మనెంటు.

"మొన్నటిదాకా బానే ఉంది కదా. ఈ పిల్ల చెయ్యి పెట్టింది, చెడింది" అన్నాడు మేనేజరు. "అమ్మమ్మగారూ, ఆ పిల్ల రాసింది మీరు చూసి తప్పెక్కడుందో చెప్పండి. శుక్రవారం డిపో వాళ్ళు వస్తున్నారు. అదే రోజు మీ ఎక్స్‌టెన్షన్ కాగితం కూడా సంతకం అయిపోతుంది."

అమ్మమ్మకి అరవై రెండు నిండబోతున్నాయి. ఇంకో రెండేళ్ళు పొడిగించకపోతే వచ్చే నెలకి ఇల్లే. ఇంట్లో కూర్చోవడం అనే మాట తలుచుకుంటేనే ఆవిడకి ఊపిరాడదు. పైగా, నిజం చెప్పాలంటే, మేనేజరు మాట ఆవిడకి తియ్యగానే వినిపించింది. తన చార్టుని ఎవరో పాడుచేశారన్నదే ఆవిడకి కూడా తోచింది.

అమ్మమ్మ కొత్తమ్మాయి బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆ పిల్ల కళ్ళు వాచి ఉన్నాయి.

"ఏడిస్తే కనపడదు. కళ్ళు తుడుచుకుని నువ్వు మార్చిందంతా చూపించు" అంది అమ్మమ్మ.

"చార్టు ఎలా తయారవుతుందో నేను ముట్టుకోలేదు అమ్మమ్మగారూ. తయారైనదాన్ని ఫోనుకి పంపించానంతే."

"అందరూ అంతే అంటారు."

రెండు రోజులు అమ్మమ్మ ఆ పిల్ల రాసిన ప్రతి లైనూ పేలు చూసినట్టు చూసింది. రెండో రోజు సాయంత్రానికి ఆవిడ మొహం చిన్నబోయింది. అందులో తప్పు లేదు. చెప్పకేం, తను ఆ వయసులో రాసినదానికంటే శుభ్రంగా ఉంది.

ఇంటికొచ్చి చెప్పులు విడవకుండానే తాతయ్య ముందు కూలబడింది. ఆయన ఒక చొక్కాకి కాలరు తిప్పుతున్నాడు.

"ఏమండీ, వినండి. డ్యూటీ ఐపోయే వేళ నా దగ్గర రాసి ఉంటుంది."

"ఊఁ."

"దాని నుంచి ఎనిమిది గంటలు లెక్కపెడతాను."

"ఊఁ."

"ఆ తర్వాతే ఇంకో డ్యూటీ వేస్తాను."

తాతయ్య ఊఁ అనలేదు. దారం కొరికి తీసి, "బస్సు ఆలస్యంగా వస్తేనో?" అన్నాడు.

అమ్మమ్మకి అప్పుడు వెలిగింది. తను లెక్కపెట్టింది కాగితం మీద బస్సు రావాల్సిన వేళ నుంచి. బస్సు నిజంగా వచ్చిన వేళ నుంచి కాదు. ప్రోగ్రాం రాసిన రోజుల్లో బస్సు వచ్చిన వేళ గేటు దగ్గర పుస్తకంలో రాసేవాళ్ళు. తర్వాత అదీ కంప్యూటరులోకి వచ్చింది. వచ్చినప్పుడు వెనక్కి వెళ్ళి ఆ ఒక్క లైను మార్చాలని ఆవిడకి తట్టలేదు.

"అలా కుదరదండీ. అదే తప్పయితే పన్నెండేళ్ళలో బస్సులు ఎన్నిసార్లు ఆలస్యమై ఉంటాయి? ఎవరో ఒకరు నిద్రపోయేవాళ్ళు కదా? ఒక్కళ్ళూ వచ్చి అడగలేదే!"

"కొందరంతేనే. చొక్కా సరిగ్గా రాకపోతే నా దగ్గరికి తిరిగి తీసుకురారు. ఇంకెక్కడో దిద్దించుకుంటారు. నేనేమో భేషుగ్గా కుట్టాననుకుంటాను."

మర్నాడు గురువారం. ఆఫీసుకి వెళ్ళకుండా అమ్మమ్మ తిన్నగా డిపోకి వెళ్ళింది. నూనె వాసన, తడిసిన సీట్ల వాసన, గేటు పక్కన ఇనప రేకుల గది. అందులో బీరువా నిండా పాత చార్టులు, నెలకో కట్ట. ఒక కట్ట విప్పింది. తన ప్రోగ్రాం అచ్చుకొట్టిన చార్టే. కానీ అక్కడక్కడా పెన్సిలుతో ఒక పేరు కొట్టేసి, పక్కన ఇంకో పేరు రాసి ఉంది. ఇంకో కట్ట విప్పింది. అందులోనూ గీతలే. వర్షాకాలం కట్టల్లో అయితే అచ్చు కంటే పెన్సిలే ఎక్కువ. అడుక్కి వెళ్ళి మొట్టమొదటి నెల కట్ట లాగింది. మొదటి వారంలోనే నాలుగు గీతలు.

రిటైరైన గుమాస్తా ఇల్లు డిపో వెనక వీధిలోనే. ఆయన లుంగీలో గుమ్మం ముందు సైకిలు తుడుచుకుంటున్నాడు. కూర్చోమని కుర్చీ వేశాడు.

"అన్నయ్యగారూ, ఈ గీతలేంటి?" కట్ట ఆయన ముందు పెట్టింది.

"అదా అమ్మా?" ఆయన నవ్వాడు. "మీ మిషనుకి బస్సు వచ్చిందో లేదో పట్టదు కదా. ఐదింటికల్లా ఎక్కమంటుంది. నేను గేటు పుస్తకం చూసి, ఎవడు నిద్రపోలేదో వాణ్ణి తీసేసి ఇంకొకణ్ణి వేసేవాణ్ణి. పొద్దున్నే ఓ అరగంట పని."

"పన్నెండేళ్ళూనా?"

"సెలవు పెడితే గేటు దగ్గరి కుర్రాడికి అప్పజెప్పి వెళ్ళేవాణ్ణిలెండి."

"నాకొక్క మాట చెప్పొచ్చు కదండీ!"

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు.

"చెప్పానమ్మా. మొదటి నెలలోనే మీ ఆఫీసుకి వచ్చాను. మీరు కిటికీలోంచి చూస్తున్నారు. చార్టు తప్పు వేస్తోందండీ అన్నాను. 'ప్రోగ్రాంలో తప్పేం లేదు, మీరు వాడటం నేర్చుకోండి' అన్నారు. నా వైపు తిరగను కూడా లేదు. సరేలే, పెద్ద చదువులు చదివినావిడ, మన మాట ఏం వింటుందని వచ్చేశాను. తర్వాత అలవాటైపోయింది."

అమ్మమ్మకి తల కొట్టేసినట్టయింది. ఆ రోజు ఎంత వెతుక్కున్నా జ్ఞాపకం రాలేదు. అదే ఆవిణ్ణి ఎక్కువ బాధపెట్టింది. ఈ మనిషికి పన్నెండేళ్ళుగా మనసులో ఉన్న మాట, తనకి ఒక్క క్షణం కూడా మనసులో నిలవలేదు.

శుక్రవారం పదకొండింటికి మీటింగు. మేనేజరు, డిపో ఆఫీసరు, అమ్మమ్మ. చివరి కుర్చీలో కొత్తమ్మాయి, ఉన్న ఒంటిని సగానికి మడుచుకుని. బల్ల మీద రెండు కాగితాలున్నాయి. ఒకటి అమ్మమ్మ పొడిగింపుది. రెండోది ఆ పిల్లని వద్దనేది.

"చెప్పండి అమ్మమ్మగారూ. ఈ అమ్మాయి మార్పు వల్లే కదా?" మేనేజరు అప్పటికే కలం మూత తీశాడు.

ఒక్క ఊఁ అంటే చాలు. రెండు కాగితాలూ రెండు వైపులకీ వెళ్ళిపోతాయి. అమ్మమ్మ కూడా మనిషే. ఆ ఊఁ నాలుక చివరిదాకా వచ్చిందని, తర్వాత ఒకసారి తాతయ్య దగ్గర తనే ఒప్పుకుంది.

"కాదు. తప్పు నాది. మొదట్నుంచీ ఉంది" అంది.

"అదేంటి! పన్నెండేళ్ళు నడిచింది కదా?"

"అది నడవలేదు. గుమాస్తాగారు నడిపించారు." చంకలో ఉన్న కట్టలు తీసి బల్ల మీద పరిచింది. "ప్రోగ్రాం బాగుంటే ఫిర్యాదులు రావనుకున్నాను. ఫిర్యాదుతో వచ్చినాయన్ని నేనే తిప్పి పంపించాను. ఆయన రిటైరైతే ఆ దిద్దే చెయ్యి పోయింది. ఈ పిల్లని అడిగింది చార్టు పంపమని, పంపింది. ఆ చార్టుని ఎవరో దిద్దుతున్నారని మనలో ఎవరం దానికి చెప్పాం? మనకి తెలిస్తే కదా!"

డిపో ఆఫీసరు ఒక్కో చార్టూ తిప్పుతూ ఉండిపోయాడు. తన డిపోలో, తన గది పక్కనే పడ్డ గీతలు.

మేనేజరు గొంతు తగ్గించాడు. "అమ్మమ్మగారూ, ఇది రికార్డులోకి ఎక్కితే మీ పొడిగింపు సంగతి పైవాళ్ళు ఏమంటారో నేను చెప్పలేను."

"ఎక్కించు బాబూ. నా పేరు పూర్తిగా రాయి. అమ్మమ్మ అని రాస్తే ఎవరికీ తెలీదు."

కొత్తమ్మాయి కాగితాన్ని మేనేజరు చింపేశాడు. అమ్మమ్మ కాగితాన్ని మాత్రం సంతకం చెయ్యకుండానే సొరుగులో పెట్టి, వచ్చే నెల చూద్దాం అన్నాడు.

బయటికి రాగానే ఆ పిల్ల వెంటపడింది. "అమ్మమ్మగారూ, ఆ లైను ఇప్పుడే మార్చేద్దామా?"

"శుక్రవారం నేనేదీ ముట్టుకోను. సోమవారం దాకా చార్టుని చేత్తో దిద్దమని డిపో వాళ్ళకి చెప్పాను. నువ్వు నోటుపుస్తకం తీసుకుని నాతో రా."

గుమాస్తా ఈసారి చొక్కా వేసుకుని ఎదురొచ్చాడు. అమ్మమ్మ కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉంది.

"ఆ రోజు మీ వైపు తిరగలేదు అన్నయ్యగారూ. తప్పయిపోయింది."

"అయ్యో, ఎప్పటి మాటమ్మా అది! కూర్చోండి ముందు."

"కూర్చుంటాను గానీ, ఒకటి చెప్పండి. మీరు దిద్దింది ఈ నిద్ర సంగతి ఒక్కటేనా? ఇంకా ఉన్నాయా?"

ఆయన అమ్మమ్మని చూశాడు, నోటుపుస్తకం తెరిచి పట్టుకున్న పిల్లని చూశాడు, ఇంట్లోకి తిరిగి ముగ్గురికి టీ పెట్టమని కేకేశాడు.

"ఉన్నాయమ్మా. చాలానే ఉన్నాయి. వరసగా చెప్పమంటారా, పెద్దవి ముందు చెప్పమంటారా?"

"మీకు ఎక్కువ కోపం తెప్పించింది ముందు చెప్పండి" అంది అమ్మమ్మ, కుర్చీని ఆయన వైపు తిప్పుకుని కూర్చుంటూ.