వడ్రంగి వదిలిన సంచి

వానలకు ఉబ్బిపోయి మూసుకోని మా బాత్రూం తలుపును వడ్రంగి ఊడదీశాడు. అంచు చిత్రిక పట్టాలంటూ గోడకు ఆనించాడు. ఇంతలో ఫోను మోగింది. పనిముట్ల సంచి వరండాలో పెట్టి చెప్పులేసుకున్నాడు.

"సంచి ఇక్కడే ఒగ్గీసి ఎల్తన్నాను కదా మాస్టారూ, ఇంకేటి బయం? రేపు బేగి వచ్చీత్తాను."

పనిముట్లు వదిలి వెళ్లినవాడు తిరిగి రాక తప్పదని నమ్మే వెర్రివాళ్లలో నేనొకణ్ణి.

ఆ రేపు రానేలేదు. అరకు చలిలో, తలుపు బదులు దుప్పటి వేలాడదీసి, లోపల మనిషి ఉన్నట్టు తెలియాలని గొంతెత్తి పాడుతూ స్నానాలు చేశాం ఇంటిల్లిపాదీ. ఫోను చేస్తే ఎప్పుడూ "దారిలో ఉన్నాను మాస్టారూ" అనేవాడు. అంత దారి నడిచినవాడు ఈపాటికి విశాఖపట్నం చూసి రావచ్చు! పోనీ అని ఇంకో వడ్రంగిని పిలిస్తే, అతను వరండాలో సంచి చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఒకడు సామాను ఎట్టిన ఇంట్లో మేం సెయ్యెట్టమండి" అని వెళ్లిపోయాడు.

అంటే ఆ సంచి నాకు భరోసా కాదు, నా ఇంటికి తాళం!

మా వడ్రంగి చర్చి వెనక ఇంట్లో పని చేస్తున్నాడని శుక్రవారం సంతలో ఎవరో చెబితే, నాలుగు దులిపేద్దామని వెళ్లాను. ఆ ఇంటి కిటికీలకు రెక్కల్లేవు, ప్లాస్టిక్ పట్టాలు గాలికి కొట్టుకుంటున్నాయి. వడ్రంగి లేడు. అరుగు మీద కూర్చున్న పెద్దావిడ నా అరుపులన్నీ విని నన్నే ఓదార్చింది.

"కంగారు పడకు బాబూ. రంపం మా ఇంట్లోనే ఒగ్గీసి ఎల్లాడు. రాకేటి సేత్తాడు?"