మా బావ వేసిన చెయ్యి

మొన్న కదిరిలో ఆటో కోసం నిలబడితే నెత్తిమీద కొత్త ఎమ్మెల్యేగారి ఫ్లెక్సీ, రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. చెప్పొద్దూ, నాకు మా బావ గుర్తొచ్చి, ఎక్కవలసిన ఆటో కాస్తా వెళ్ళిపోయింది.

మా అక్క భర్త రెండుసార్లు ఎమ్మెల్యే. తొంభైల చివర్లో మొదటిసారి గెలిచాక నన్ను తన దగ్గర పెట్టుకున్నాడు. తెల్లవారేసరికి వసారా నిండా జనం, పింఛనో బదిలీయో బోరో కావాలని. ఎవరినీ కాదనే అలవాటు ఆయనకు లేదు కనుక అందరికీ లెటర్‌హెడ్ మీద నేనే రాసిచ్చేవాణ్ణి. అసలు సంగతి మా ఇద్దరికే తెలుసు: బావ భుజం మీద చెయ్యి వేసి పంపినవాళ్ళ కోసం నేను ఆఫీసుకు ఫోను చెయ్యాలి, దండం పెట్టి పంపినవాళ్ళ కాగితం గతి ఆ దేవుడికే ఎరుక. పాపమో పుణ్యమో, అలా చాలా ఏళ్ళు నడిపాం.

రెండోసారి గెలిచాక పెద్ద కరువు వచ్చింది. వేరుశనగ మాడిపోయింది సరే, తాగే నీళ్ళకే కటకట. ఆ వేసవికి మా మండలానికి ఒక్క బోరు మంజూరైంది. అది మా ఊరికే రావాలని మా అక్క పట్టు, ఎందుకంటే మా ఆడవాళ్ళు మైళ్ళ దూరం బిందెలు మోస్తున్నారు. సరిగ్గా అప్పుడే, ఏనాడూ మాకు ఓటెయ్యని ఊరి నుంచి గొర్రెలు కాసుకునే ఒక ముసలామె వచ్చి నిలదీసింది.

"ఏమప్పా, నీళ్ళకు యాడికి పోమంటావు? గొర్రెలు సచ్చినాయి, ఇంక మేమే ఉండాం."

బావ కుర్చీలోంచి లేచి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. నేను ఫోను చేశాను.

ఆ ఊళ్ళో నీళ్ళు పడ్డాయి. మా ఊరికి వేసవంతా ట్యాంకరే దిక్కయింది. తర్వాత ఎన్నికల్లో మా ఊరు ఊరంతా ఎదురు తిరిగింది, నీళ్ళు పడ్డ ఊరేమో ఎప్పటిలాగే అవతలివాళ్ళకు ఓటేసింది, బావ ఓడిపోయాడు. ఆ సాయంత్రం అక్క నన్ను పిలిచి, ఆ ఊరికి ఎందుకు ఫోను చేశావని అడిగింది; బావ భుజం మీద చెయ్యి వేశాడని మా గుట్టు చెప్పేస్తే కడిగేసింది.

"మీ బావకు మోకాళ్ళ నొప్పిరా! లేస్తే ఏదో ఒగటి పట్టుకోకుంటే నిలబడలేడు. నీకు కండ్లు కనపడలేదా?"

నిజమే, ఆ రోజుల్లో ఆయన గోడో గుంజో పట్టుకోకుండా లేచిందే లేదు. మరి ఆ చెయ్యి నాకు చేసిన సైగా, తూలిపడకుండా ఆనుకున్నదా? ఉండబట్టలేక ఆయన్నే అడిగాను.

"నీళ్ళు పడినాయి కదప్పా, ఇంగేం కావల్ల నీకు?" అన్నాడు. అది మెప్పో తిట్టో నాకిప్పటికీ తెలియదు. ఆయన పోయాడు. అక్క అయితే ఆ సాయంత్రం తర్వాత నాతో మళ్ళీ మాట్లాడకుండానే పోయింది.

ఇప్పుడు అర్జీలు సెల్‌ఫోన్లలో పోతున్నాయట, పనయిందో లేదో మెసేజీ వస్తుందట, ఎవరి మొహమూ చూసి ఏమీ పోల్చుకోనక్కర్లేదు. మంచిదే. నేను మాత్రం ఎప్పుడైనా బస్సులో ఆ ఊరి మీదుగా వెళుతూ, బోరు దగ్గర ఆడవాళ్ళు నిండు బిందెలు ఎత్తుకోవడం చూస్తే సంతోషం పట్టలేను. మరుక్షణమే మా అక్క గుర్తొచ్చి, కిటికీ పక్కనుంచి మొహం తిప్పుకుంటాను.