అరగని సబ్బు

మా పెద్దమ్మ ఎలీషబాకు నోరు మంచిది కాదని చుట్టాల్లో పేరు. నిజమే, మంచిది కాదు. కానీ ఆ నోరు ఎవరి మీద లేచిందో, ఎందుకు లేచిందో ఒక్కరూ చెప్పరు. ఆమె పోయిన రోజున కూడా మూల కూర్చుని "మనిషి మంచిదే గానీ ఆ నోరే" అని గొణుక్కున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇంత కాలానికి ఇది రాయడానికి ఆ మంటే కారణం.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్తల్లో ఆమె హెల్త్ విజిటరు. మార్కాపురం, గిద్దలూరు అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. మిషన్ ఆసుపత్రిలో నర్సు పని నేర్చుకుని సర్కారు కొలువులో చేరింది. కొమరోలు నుంచి బేస్తవారిపేట దాకా పల్లెలు తిరిగి, ఇళ్ల దగ్గర పురుళ్లు పోసే మంత్రసానులు పని సరిగ్గా చేస్తున్నారో లేదో చూడటం ఆమె ఉద్యోగం. బస్సు దిగింది మొదలు నడకే. ఆసుపత్రికి పోయి కనేవాళ్లు ఆ రోజుల్లో ఎవరున్నారు? బిడ్డ పుట్టినా ఇంట్లోనే, పోయినా ఇంట్లోనే.

సర్కారు ఆ మంత్రసానుల్ని పిలిపించి శిక్షణ ఇచ్చింది. తలా ఒక రేకు పెట్టె చేతిలో పెట్టింది. పెట్టెలో కత్తెర, దారం, సబ్బు, దూది, ఒక గిన్నె. చేతులు సబ్బుతో కడుక్కోవాలి, కత్తెరనూ దారాన్నీ గిన్నెలో మరగబెట్టాలి, ఆ కత్తెరతోనే బొడ్డు కోయాలి. అంతే. ఈ ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ వాళ్లకు దండం పెట్టాలి. దాన్ని నాశనం చేసినవాళ్లకు ఏం పెట్టాలో నేను రాస్తే బాగుండదు.

ఏడాదికోసారి జిల్లా నుంచి ఒక ఆఫీసరు జీపులో వచ్చి తనిఖీ చేసేవాడు. బాలింత ఇంటికి పోయేవాడనుకునేరు. ట్రావెలర్స్ బంగళా వరండాలో బల్ల వేసి, దాని మీద దుప్పటి పరిచి కూర్చునేవాడు. మంత్రసానులంతా పెట్టెలు నెత్తిన పెట్టుకుని నడిచి వచ్చి ఎండలో వరసగా నిలబడేవాళ్లు. ఆయన పెట్టెలు తెరిచి చూసేవాడు. పెట్టెలు చూస్తే ఇళ్లు చూసినట్టేనని ఆయన నమ్మకం.

మొదటి ఏడు ఒక ముసలామె పెట్టె తెరిచాడు. సబ్బు సగం అరిగిపోయింది. కత్తెర మరిగి మరిగి మచ్చలు పడింది. "ఇదేం కంపు? సర్కారు సొమ్మంటే లెక్కలేదా?" అని అందరి ముందూ అరిచాడు. పక్కనే ఉన్న రాములమ్మ పెట్టె తళతళలాడుతోంది. సబ్బు మీద కాగితం కూడా విప్పలేదు. "చూడండి, శుభ్రమంటే ఇదీ!" అని ఆమెకు ఒక నేత చీర బహుమతిగా ఇచ్చాడు.

"కత్తెర మరిగితే మచ్చ పడుతుంది సార్" అని పెద్దమ్మ ఏదో అనబోయింది.

"మీరుండండమ్మా, నేను చూస్తున్నాను కదా" అన్నాడాయన.

ఆ రోజు వరసలో నిలబడ్డ ఆడవాళ్లంతా ఒక పాఠం నేర్చుకుని ఇళ్లకు పోయారు. శిక్షణలో నేర్చుకున్నది గాలికి పోయింది. ఇది పెద్దమ్మకు వెంటనే తెలియలేదు. తెలియడానికి ఒక బిడ్డ పోవాల్సి వచ్చింది.

బేస్తవారిపేటకు అవతల గొర్రెల వాళ్లు ఉండే చిన్న పల్లె ఒకటుంది. అక్కడ కాటమరాజు భార్య శ్రీశైలమ్మకు రెండో కాన్పు. మొదటి బిడ్డ పురిటి రోజుల్లోనే పోయింది. రెండోవాడు బాగానే పుట్టాడు, బాగానే ఏడ్చాడు. వారం తిరగకముందే చన్ను పట్టడం మానేశాడు. దవడలు బిగుసుకుపోయి, ఒళ్లు విల్లులా వంగిపోయింది. ఇంట్లోవాళ్లు పక్షి నీడ పడిందని, పక్షి దోషమన్నారు. పెద్దమ్మ చేరేసరికి వాణ్ని ఊరి వాగు పక్కన, వంక గట్టున పూడ్చిపెట్టి, కాళ్లు కడుక్కుని కూర్చుని ఉన్నారు.

అది పక్షి దోషం కాదనీ, ధనుర్వాతమనీ, కోసిన బొడ్డు నుంచి ఎక్కిందనీ ఆమెకు తెలుసు. పురుడు పోసిన పోలమ్మను పిలిచి పెట్టె తెమ్మంది. పోలమ్మ ఇంటికి పోయి, ఉట్టి మీద నుంచి పెట్టెను దించి, రెండు చేతులతో పట్టుకొచ్చింది. మూత మీద పసుపు, కుంకుమ. లోపల అన్నీ కొత్తవి. సబ్బు కాగితం విప్పలేదు.

"దీంతో కోయలేదా?" అంది పెద్దమ్మ.

"అయ్యో, అంత మంచి కత్తెరను నెత్తురు చేస్తానా అమ్మా! రేపు దొర చూస్తే ఏమంటాడు?"

"మరి దేంతో కోసినావు?"

పోలమ్మ నడుముకు కట్టిన సంచి విప్పి చిన్న కత్తి చూపించింది. "ఇదే. గొర్రెపిల్లకూ ఇదే, మనిషిపిల్లకూ ఇదే. నేనెప్పుడూ తేడా చూడలేదు."

"ఆ ముసలిదాన్ని కొట్టడానికి చెయ్యి లేచింది" అని పెద్దమ్మ నాతో చెప్పేది. "లేచిన చెయ్యి నేనే దించుకున్నా. కొట్టాల్సిన మనిషి కర్నూల్లో ఉన్నాడు గదా." ఇది చెప్పేటప్పుడు ఎన్నేళ్లయినా ఆమె ముక్కుపుటాలు అదిరేవి.

ఆ పూట శ్రీశైలమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఒక్కటే మాట అంది. "ఇంకొకటి గూడ పోతే మా అత్త నన్ను మా నాయన ఇంటికి తోలేస్తాదమ్మా. ఆయనకు వేరే పిల్లను చూస్తన్నారు." అత్త పుల్లమ్మ గడప మీదే కూర్చుని ఉంది. కాదనలేదు, ఔననలేదు. ఆ మౌనం మీద కూడా నాకు కోపమే. కానీ ఆమెకు మాత్రం ఎవరేం చెప్పారు?

మరుసటి ఏడు శ్రీశైలమ్మ మళ్లీ నెలలు నిండి ఉంది. పెద్దమ్మ వెళ్లి పోలమ్మను నిలేసింది.

"ఈ కాన్పుకు పెట్టె వాడాల."

"సబ్బు అరిగితే? కత్తెరకు మచ్చ పడితే? నువ్వు జవాబు చెప్తావా?"

"నేనే చెప్తా."

"దొర ముందరా?"

"దొర వాళ్ల నాయన ముందర గూడ చెప్తా. మాట ఇస్తన్నా."

పోలమ్మ ఆ మాట పట్టుకుంది. పెట్టె ఉట్టి దిగింది. పురుటి రోజు పెద్దమ్మ పక్కనే కూర్చుని మోచేతుల దాకా కడిగించింది. కుంపటి మీద గిన్నె కుతకుతలాడింది. బొడ్డు మీద చల్లడానికి పుల్లమ్మ చేటలో పిడకల బూడిద తెచ్చింది. పెద్దమ్మ ఆ చేట అందుకుని బయట పారబోసింది. "నా ఇంట్లో నా బూడిద పారబోస్తావా?" అని పుల్లమ్మ ఎగబడింది. "రెండు బొడ్ల మీద చల్లినావు గదా అవ్వా, ఒక్కరన్నా మిగిలినారా?" అంది పెద్దమ్మ. ఆడపిల్ల పుట్టింది.

ఆ తర్వాతి రోజులు ఆమెకు నరకం. వేరే ఊళ్ల పని ఉన్నా, ఎండ మాడుస్తున్నా, ఏదో వంకతో ఆ పల్లెకు పోయేది. తడిక దగ్గర ఆగి ముందు చెవి పెట్టి వినేది. ఏడుపు వినపడితే లోపలికి పోయేది. పిల్ల ఏడుస్తూనే ఉంది. చన్ను పట్టింది. బొడ్డు ఎండి రాలిపోయింది. పుల్లమ్మ ఎవరికీ ఏమీ చెప్పకుండా కోడలికి వెల్లుల్లి కారం నూరి పెట్టింది. వేరే పిల్ల మాట ఆ ఇంట్లో మళ్లీ వినపడలేదు. పోలమ్మకు ధైర్యం వచ్చి, చుట్టుపక్కల ఏ పురుడుకు పిలిచినా పెట్టె వెంట తీసుకుపోయింది.

ఇంతలో తనిఖీ వచ్చిపడింది.

అదే వరండా, అదే బల్ల, అదే ఆఫీసరు. పోలమ్మ పెట్టె తెరిచాడు. సబ్బు అరిగి అరిగి చిన్న ముక్క మిగిలింది. దారం అయిపోవచ్చింది. కత్తెర నిండా మచ్చలు. ఆయన మొహం చిట్లించి, రెండు వేళ్లతో కత్తెరను ఎత్తి అందరికీ చూపించాడు.

"ఎవరిదిది? నీదేనా? ఇంత మురికిగా పెట్టుకుంటే రోగాలు రావూ? పెట్టె వెనక్కి తీసుకోండి."

బంట్రోతు పెట్టె మీద చెయ్యి వేశాడు. పోలమ్మ ఆఫీసరును చూడలేదు. పెద్దమ్మను చూసింది. ఆ పెట్టె పోతే మళ్లీ ఆ కత్తే బయటికి వస్తుంది. రేపు కనబోయే వాళ్ల పిల్లల ప్రాణాలు ఆ బల్ల మీదున్నాయని ఆ వరండాలో తెలిసినవాళ్లు ఇద్దరే.

"ఆ పెట్టె అక్కడ పెట్టు" అంది పెద్దమ్మ బంట్రోతుతో. అతను పెట్టేశాడు.

"ఏమిటమ్మా ఇది?" అన్నాడు ఆఫీసరు.

"అది మురికి కాదు సార్, పని. సబ్బు దేనికిచ్చినారు? అరగడానికి గదా? ఆ కత్తెరతో కోసిన పిల్లలందరూ బతికి ఉన్నారు. జీపు తీయండి, చూపిస్తా."

"జీపు ఆ దారిలో పోదు. మీరు ఉద్యోగం చేసేది..."

"జీపు పోకపోతే నడవండి! నేను నడవట్లేదా? నిండు చూలాలు నడవట్లేదా? ఇళ్లల్లో జరిగే పనిని బంగళాలో కూర్చుని ఏం చూస్తారు సార్ మీరు? మురికిగా ఉన్న పెట్టె ఊళ్లో పిల్లల్ని చూడండి. తళతళా మెరిసే పెట్టెలున్నాయి గదా, ఆ ఊళ్లల్లో వంక గట్టున తవ్వి చూడండి. మీకు కావలసిన శుభ్రం ఎక్కడుందో తెలుస్తాది!"

ఆఫీసరు మొహం ఎర్రబడింది. సస్పెన్షన్ అన్నాడు, పొగరు అన్నాడు, చివరికి ఆమె మతం, కులం కూడా తీశాడు. ఆ మాటలు పెద్దమ్మ నాకు ఎన్నడూ పూర్తిగా చెప్పలేదు. ఆ తర్వాత ఆమెను కొండల అవతలికి బదిలీ చేశారు. నోరు మంచిది కాదని మొదట అన్నది ఈ పెద్దమనిషే. మా చుట్టాలు దాన్ని అందిపుచ్చుకున్నారు.

కానీ ఆ రోజు ఆయన అరుపులను ఆపింది పెద్దమ్మ కాదు. వరసలోంచి రాములమ్మ ముందుకొచ్చింది. మొదటి ఏడు చీర బహుమతి పొందిన మనిషి. ఈసారి కూడా ఆమె పెట్టెలో సబ్బుకు కాగితం విప్పలేదు. ఆఫీసరుకు దండం పెట్టింది గానీ, మాట్లాడింది పెద్దమ్మతో.

"అమ్మా, ఈ ఎండాకాలం మా కోడలు కన్నది. నేనే పురుడు పోసినా. మగపిల్లోడు. కత్తెర తీయలా. కొడవలితో కోసినా." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "వాడు గూడ దవడలు బిగబట్టుకొని పోయినాడు. పక్షి దోషమన్నారు. కాదా అమ్మా?"

ఆఫీసరు జీపు వైపు చూశాడు.

"కాదు అత్తా" అంది పెద్దమ్మ.

"అయితే నా చేత్తోనేనా?"

అబద్ధం చెప్పి ఉండొచ్చు. నేనైతే చెప్పేవాణ్నేమో. పెద్దమ్మ ఆమె చేతులు రెండూ పట్టుకుని, ఆఫీసరుకు వినపడేలా జవాబిచ్చింది.

"చెయ్యి నీదే అత్తా. సబ్బు అరిగితే తప్పని ఆ చేతికి నేర్పినోడు ఇదిగో, ఈ కుర్చీలో ఉన్నాడు. అడుగు."

రాములమ్మ ఆయన వైపు తిరిగింది. బల్ల దాకా వచ్చి, "చెప్పు నాయనా" అంది.